తప్పు పట్టినా ఆయన ఖాతాలోకే

సిడ్నీలో నా మొదటి ఉద్యోగం, ఒక మనిషి పేరు ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కపెట్టడం. ఈ మాట మా అమ్మకి ఫోన్లో చెప్పాను. "దానికి ఎమ్మెస్సీ చదవాలా?" అంది. చదవక్కర్లేదు. కానీ నేను చదివాను, వాల్తేరులో, స్టాటిస్టిక్స్. ఆ తర్వాత గుంటూరులో ఒక కాలేజీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. ఎనభైల చివర్లో మా ఆయనకి వెస్ట్‌మీడ్‌లో ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ పని దొరికితే ఆ వెనకాలే నేనూ వచ్చేశాను. అక్కడ ఒక పాత ఇటుకల ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్లం. కిటికీలోంచి చూస్తే రైలు పట్టాలు, వాటి అవతల ఆస్పత్రి పొగ గొట్టం.

నాకు పని ఇచ్చినాయన ఒక యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్. ఆయన శాస్త్రం సైకోమెట్రిక్స్, అంటే మనుషుల తెలివినీ మనసునీ ప్రశ్నలడిగి కొలవడం. కొలతలన్నాక లెక్కలుంటాయి కాబట్టి నాలాంటివాళ్ల అవసరం పడుతుంది. మొదటిరోజు నేను "సర్" అంటే ఆయన నవ్వి, పేరు పెట్టి పిలవమన్నాడు. నా నోరు తిరగలేదు. చివరికి ఆయన ముందు ఏమీ అనకుండా, ఆయన వెనకాల "బాస్" అనడానికి అలవాటుపడ్డాను. నా పేరుని ఆయన మాత్రం సగానికి తెంచి, మొదటి ముక్కతో పిలిచేవాడు.

చెడ్డవాడని మొదట్లో నాకు తోచలేదు. ఇది చెప్పకపోతే మిగతాదంతా అబద్ధంలా ఉంటుంది. నాకు నడుం నొప్పని తెలిసి ఎక్కడినుంచో మంచి కుర్చీ తెప్పించి ఇచ్చాడు. వాన పడిన సాయంత్రాలు స్టేషన్‌దాకా కారులో దింపేవాడు. వాళ్ల పెరట్లో కాసిన నిమ్మకాయలు సంచీలో పోసి నా బల్ల మీద పెట్టేవాడు. నిమ్మకాయ పచ్చడి పెట్టి ఒక సీసా ఇస్తే, అది రొట్టె మీద రాసుకుని తిన్నానని రెండు రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

నా పని లైబ్రరీ రెండో అంతస్తులో. అక్కడ ఒక గోడ పొడుగునా సైటేషన్ ఇండెక్సులుండేవి. ఎవరి పేపర్ని ఎవరెవరు తమ పేపర్లలో ప్రస్తావించారో చెప్పే పుస్తకాలవి. ఒక్కొక్కటీ సిమెంటు ఇటుకంత బరువు, లోపల చీమల బారులాంటి అక్షరాలు. ఇంటిపేరు, పొడి అక్షరం, దాని కింద ప్రస్తావించినవాళ్ల వరస. బాస్ ఇంటిపేరు దగ్గర స్కేలు పెట్టి, భూతద్దంతో ఒక్కొక్కటే దిగుతూ రాసుకోవాలి. ఆ లెక్క పెరిగితే ప్రొఫెసర్ పదవి. అప్పటికి రెండుసార్లు దరఖాస్తు పెట్టాడట, రెండుసార్లూ ఎవరో ముందుకెళ్లిపోయారు.

మొదటి వారం పొరపాటున కొంచెం ఎక్కువ పని చేశాను. తన పేపర్లలో తన పాత పేపర్లనే ప్రస్తావించుకున్నవి పక్కన పెట్టి, మిగతావి వేరుగా చూపించాను. ఆయన కాగితం చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఇవి ఎందుకు తీసేశావు?"

"ఇవి మీరు మీకే ఇచ్చుకున్నవి కదా అని."

"నా పని నా పాత పని మీద నిలబడుతుంది. వేరేవాళ్ల పని మీద నిలబడమంటావా?" అన్నాడు నవ్వుతూ. "వెనక్కి కలిపెయ్."

కలిపేశాను. తర్వాత ఇంకో సంగతి బయటపడింది. అదే ఇంటిపేరు, అదే పొడి అక్షరం ఉన్న ఇంకో మనిషి ఎక్కడో ఉన్నాడు. ఆయన చేపల మీద రాస్తాడు. చేపల పొడుగు ఎలా కొలవాలి, వలలో పడ్డ చేపల్ని బట్టి నీళ్లలో ఎన్నున్నాయో ఎలా అంచనా వెయ్యాలి, అలాంటివి. ఇండెక్సులో ఇద్దరూ ఒకే పేరు కింద కలిసిపోయారు. వేరు చెయ్యమంటారా అని అడిగాను.

బాస్ కొంచెంసేపు ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, గడ్డం గీరుకుంటూ. "అవి కూడా స్టాటిస్టిక్సే కదా," అన్నాడు చివరికి. "కమిటీవాళ్లు విషయాలు చూడరు. అంకె చూస్తారు. వదిలెయ్."

చేపల మనిషి పాపం, ఎక్కడున్నాడో గానీ, తన కష్టం సగం ఇక్కడ ఒకాయన మెట్లెక్కడానికి పనికొస్తోందని ఆయనకి తెలియదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనతో ఇది నవ్వుతూ చెప్పాను. అప్పటికింకా నవ్వొచ్చేది.

డిపార్ట్‌మెంట్ టీ గదిలో అందరూ ఇదే మాట్లాడుకునేవాళ్లు. పాలుపోసిన టీ, పింక్ ఐసింగ్ బిస్కెట్లు, ఎవడు ఎవణ్ణి ప్రస్తావించాడు. నీ పేపర్ని నా దాంట్లో వేశాను, నా పేపర్ని నువ్వు నీ దాంట్లో వెయ్యి అని పబ్లిగ్గా, ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా చెప్పుకునేవాళ్లు. మా ఊళ్లో పెళ్లి చదివింపుల దగ్గర కూర్చున్నవాళ్లు కూడా ఇంత మొహమాటం లేకుండా మాట్లాడుకోరు. ఒక పరిశోధనలో ఏం తేలింది అని ఎవరూ అడగ్గా నేను వినలేదు. ఎక్కడ అచ్చయింది అని మాత్రం అడిగేవాళ్లు.

రెండో ఏడాది నన్ను లెక్కలు చెయ్యడానికి తీసుకున్నాడు, కంప్యూటర్ మీద. బాస్ పిల్లల కోసం ఒక కొత్త పరీక్ష తయారుచేశాడు. ప్రైమరీ స్కూల్ పిల్లల ఆలోచనాశక్తిని కొలిచే పరీక్ష. చదువుతోనూ, పుట్టిపెరిగిన చోటుతోనూ సంబంధం లేకుండా బుర్రని మాత్రమే కొలుస్తుందని ఆయన వాదన. పడమటి సిడ్నీలో కొన్ని బళ్లలో పిల్లలకి పెట్టి జవాబులన్నీ తెచ్చారు. నేను వాటిని ఎక్కించి, పచ్చ చారల కాగితాల మీద కట్టలుకట్టలుగా ప్రింట్లు తీసేదాన్ని.

ఫలితంలో ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది. ఫిజీ నుంచి వచ్చిన భారతీయుల పిల్లలకి మార్కులు తగ్గాయి. అక్కడ సైన్యం గద్దెనెక్కాక చాలా కుటుంబాలు సిడ్నీకి వచ్చేశాయి. వాళ్ల పిల్లలు ఆ బళ్లలో చాలామందే ఉన్నారు. బాస్ ఈ తేడా చూసి చేతులు రుద్దుకున్నాడు. "ఇది పేపర్," అన్నాడు.

నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. మొత్తం మార్కులు కాకుండా ఒక్కొక్క ప్రశ్నా విడిగా చూశాను. మిగతా ప్రశ్నల్లో సమానంగా చేసిన పిల్లల్నే తీసుకుని, ఈ ప్రశ్నలో ఎవరు తప్పారు అని పోల్చాను. పోలిస్తే విషయం తేలిపోయింది. చాలా ప్రశ్నల్లో ఫిజీ పిల్లలకీ మిగతావాళ్లకీ ఏ తేడా లేదు. తేడా అంతా గుప్పెడు ప్రశ్నల్లోనే ఉంది. అవి తీసి చదివాను. పాసమ్, వాంబాట్, మ్యాగ్‌పై, కోలా, ఈ నాలుగింటిలో వేరేది ఏది? మ్యాగ్‌పై పక్షి, మిగతావి జంతువులు, కాబట్టి అది జవాబు. ఇక్కడ పుట్టిన పిల్లకి పాలు తాగే వయసులోనే తెలిసే సంగతి. ఇంకోటి, ఎస్కీ, ఫ్రిజ్, హీటర్, ఐస్ బకెట్. జవాబు హీటర్. ఎస్కీ అంటే పిక్నిక్‌కి చల్లటి సీసాలు పెట్టుకెళ్లే డబ్బా అని తెలియకపోతే ఎంత బుర్ర ఉన్నా ఏం లాభం?

ఆ రోజు ఇంట్లో ఈ మొదటి ప్రశ్న మా ఆయన్ని అడిగాను. ఆయన అన్నం కలుపుతూ, "వాంబాట్ అంటే యుద్ధ విమానం కాదూ?" అన్నాడు. ఆయనా తప్పాడు. రోజంతా మైక్రోస్కోప్‌లో రక్తం చూసే మనిషి.

మర్నాడు ఆ ప్రింట్లు పట్టుకుని బాస్ గదికెళ్లాను. ఆయన శ్రద్ధగా చూశాడు. మంచి పని అన్నాడు, చాలా మంచి పని అన్నాడు. నేను సంతోషించబోతుంటే చెప్పాడు.

"దీన్ని ఇందులో పెట్టొద్దు. ఇది రెండో పేపర్."

"ఇది పెట్టకపోతే మొదటి పేపర్ తప్పవుతుంది కదా."

"తప్పు కాదు. అసంపూర్ణం. మొదటి దాంట్లో తేడా ఉందని చెబుతాం. రెండో దాంట్లో తేడా ఎందుకుందో చెబుతాం. మూడో దాంట్లో ఆ ప్రశ్నలు మార్చి కొత్త పరీక్ష ఇస్తాం. మూడూ ఒకదాన్నొకటి ప్రస్తావిస్తాయి." మేకని కోసేవాడు ఏ ముక్క ఎవరికో ముందే అనుకుని కత్తి పట్టుకున్నట్టు, బల్ల మీద చేత్తో మూడు గీతలు గీశాడు. "ఎవరైనా అంతా ఒకేసారి ఇచ్చేస్తారా?"

నేను గదిలోంచి వచ్చేశాను. ఆయన అబద్ధమాడి ఉంటే ఇంత రోత పుట్టేది కాదేమో. ఆయన ఆడలేదు. నిజాన్ని ముక్కలు చేసి వంతులు వేసుకున్నాడు.

మొదటి పేపర్ వచ్చింది. ఫిజీ భారతీయ పిల్లల ఆలోచనాశక్తి సగటు కంటే తక్కువని అందులో ఉంది. చివర్లో కృతజ్ఞతల్లో, కంప్యూటర్ పనిలో సాయం చేసినందుకు అని నా పేరు, పొడి అక్షరం తప్పుపడి. పరీక్షని ఒక ప్రచురణ సంస్థ కొనుక్కుని బళ్లకి అమ్మింది.

అప్పటికి మేం ఊరికి ఇంకొంచెం దూరంగా, టూంగాబీకి మారాం. ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు, వెనకాల కొంచెం పెరడు. పక్క ఇంట్లో ఫిజీ కుటుంబం ఉండేది. ఒకరోజు నేను పెరట్లో బట్టలారేస్తూ మా ఆయన్ని తెలుగులో ఏదో అరిచాను. కంచె అవతల నుంచి ఒకావిడ తలెత్తి, "మీరు తెలుగువాళ్లా? మేము కూడా," అంది. వాళ్ల తాతని చెరుకుతోటల్లో పనికి నెల్లూరు వైపు నుంచి ఓడలో తీసుకెళ్లారట. ఆవిడ తెలుగు ముసలివాళ్ల దగ్గర చెవిన పడి నేర్చుకున్నది, సగంలో హిందీలోకి జారిపోయేది. ఐనా "అన్నం తిన్నవా" అని ఆవిడ అడిగితే నాకు మా మేనత్త అడిగినట్టే ఉండేది. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ చెల్లీ అనేది. ఆమె ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీలో, వాళ్లాయన బస్సు డ్రైవర్. ఎనిమిదేళ్ల కూతురు. ఆ పిల్లకి తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

ఒక శనివారం మధ్యాహ్నం అక్క కంచె దగ్గరికొచ్చింది. ముఖం గట్టిగా పెట్టుకుని ఉంది.

"చెల్లీ, నువ్వు యూనివర్సిటీలో పరీక్షల లెక్క చేస్తవు కదా. మా పిల్లని బడిలో వేరే రూమ్‌లో కూర్చోబెట్టిన్రు. బుర్ర తక్కువ అని."

"ఎవరన్నారు?"

"టీచర్. ఏదో పరీక్ష పెట్టిన్రట. బొమ్మలు, మాటలు."

పిల్ల వాళ్లమ్మ వెనకాలే నిలబడి ఉంది. ఏమడిగారో గుర్తుందా అని అడిగాను. "దే హ్యాడ్ ఎ కోలా," అంది. "కోలా ఒక్కటే నాకు తెలుసు ఆంటీ. అందుకే దాన్ని టిక్ చేశాను." ఇంగ్లీషులో చెప్పింది, చెప్పి నా వైపు చూసింది, తప్పా అన్నట్టు.

ఆ బడిని తర్వాత చూశాను. వెనకాల ఆటస్థలం చివర విడిగా నిలబెట్టిన ఒక గది, అందులో అన్ని తరగతుల పిల్లలూ కలిపి. కత్తెరతో రంగుకాగితాలు కత్తిరించేవాళ్లు. ఆ పిల్ల ఫిజీలో ఎక్కాలన్నీ చదివి వచ్చింది.

అక్కకి చెప్పాను, ఆ పరీక్ష చేసినాయన దగ్గరే నేను పనిచేస్తున్నానని, ఆ ప్రశ్నలు సరైనవి కావని. ఆవిడ కంచె పట్టుకున్న చెయ్యి తీసేసింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. చెప్పాను."

"ఎవరికి?"

"మా బాస్‌కి."

"ఆయనకి తెలుసు కదా, ఆయనే చేసిండు. ఆయనకి చెప్తే ఏమయితది?" అని పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికెళ్లిపోయింది. నా మీద కోపం న్యాయమా కాదా అని ఆ రోజు ఆలోచించలేదు. ఆ కోపం మాత్రం నాకు అర్థమైంది.

సోమవారం బాస్‌తో మాట్లాడాను. నాకు తెలిసిన ఒక పిల్ల సంగతి ఇది అని చెప్పాను. బళ్లకి ఒక మాట రాద్దాం, ఆ ప్రశ్నలు లెక్కలోకి తీసుకోవద్దని చెబుదాం అన్నాను. ఆయన జాలిపడ్డాడు. కళ్లల్లో నిజంగా జాలి ఉంది. ఆ తర్వాత, ఇది దరఖాస్తు పెట్టే ఏడాది, ఇప్పుడు పరీక్ష మీద ప్రశ్నలు లేస్తే బాగోదు, రెండో పేపర్ వచ్చే ఏడాది రాద్దాం అన్నాడు. "ఒక్క ఏడాదే కదా," అన్నాడు.

ఎనిమిదేళ్ల పిల్లకి ఒక ఏడాది ఎంతో ఆయనకి తెలియాలి. పిల్లల వయసుల మీద పట్టికలు వేసిన మనిషి.

నా కాంట్రాక్ట్ ఆ డిసెంబరుతో ముగిసింది. పొడిగిస్తానన్నాడు, నేనే వద్దన్నాను. మూడోరోజు మా ఆయన టీ తాగుతూ, "మనకెందుకు ఇవన్నీ?" అన్నాడు. ఆ మాట ఆయన మంచికే అన్నాడు. కొత్త దేశం, తిరిగి ఉద్యోగం దొరుకుతుందో లేదో. నేను వంటింట్లో బల్ల మీద కాగితాలు పరిచాను.

బళ్ల నుంచి వచ్చిన జవాబు పత్రాలు ఏ పరిశోధకులైనా చూడొచ్చని ముందే ఒప్పందం. అందుకని లెక్క మళ్లీ మొదటి నుంచి చేసి, ఏ ప్రశ్నలు ఎందుకు అన్యాయమో సూటిగా రాసి, ఆ పేపర్ అచ్చయిన పత్రికకే పంపాను. ఒకటిన్నర పేజీ. మూడుసార్లు వెనక్కొచ్చింది. ఇంగ్లీషు సరిచెయ్యమని ఒకసారి, మాట మెత్తబరచమని ఒకసారి. మూడోసారి "తప్పు" అన్నచోట "పరిమితి" అని రాయమన్నారు. నేను రాయలేదు. చివరికి ఎలాగో వేశారు. వెయ్యడానికి ఏడాది పైన పట్టింది.

పత్రిక లైబ్రరీకి వచ్చిన రోజు వెళ్లి చూశాను. నా ఒకటిన్నర పేజీ కిందే బాస్ జవాబు. రచయిత్రి ఆసక్తికరమైన అంశం లేవనెత్తారని, దాన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నామని, తన రాబోయే పేపర్లో ఇదే విషయం వివరంగా ఉందని. అడుగున ప్రస్తావించిన పేపర్ల పట్టీ. దాదాపు అన్నీ ఆయనవే. నా నోట్ కూడా ఆయన్నే ప్రస్తావించింది, తప్పదు కదా, ఎవర్ని తప్పు పడుతున్నానో చెప్పకుండా ఎలా పడతాను? అక్కడ నిలబడి రెండు పేజీల్లోనూ ఆయన పేరు ఎన్నిచోట్ల ఉందో చూసి పుస్తకం మూసేశాను.

ఆ రోజుల్లోనే మా చర్చికి వచ్చే ఒకరింట్లో ప్రార్థన కూటం జరిగింది. ప్రార్థన అయ్యాక బిర్యానీ. తెనాలి వైపునుంచి వచ్చిన ఒక డాక్టర్ అంకుల్ ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా, నీ పేపరేదో వచ్చిందంట?"

"వచ్చింది అంకుల్. ఒకటిన్నర పేజీ."

"ఎన్ని సైటేషన్లు?"

దేని గురించి రాశావని అడగలేదు. నా జవాబు కోసం ఆగనూ లేదు. తన లెక్క చెప్పడం మొదలుపెట్టాడు, కోడి ఎముక చీకుతూ. అప్పటిదాకా ఈ జబ్బు తెల్లవాళ్ల టీ గదిలో మాత్రమే ఉందనుకున్నాను. నా ప్లేటు కడగడానికి వంటింట్లోకెళ్లి అక్కడే ఉండిపోయాను.

ఆ తర్వాత కొన్ని నెలలకి లైబ్రరీలో బాస్ ఎదురయ్యాడు. నేను పుస్తకం తిరిగిచ్చి వెళ్లిపోతున్నాను. ఆయన దూరం నుంచే చెయ్యూపి, దగ్గరికొచ్చి, నా భుజం తట్టాడు.

"నీ నోట్ చాలా నీట్‌గా ఉంది. నీకు తెలుసా, ఇప్పుడు నా పేపర్లన్నింట్లోకీ ఆ మొదటి పేపర్నే ఎక్కువమంది ప్రస్తావిస్తున్నారు. కొందరు నీ పక్క, కొందరు నా పక్క. ఏ పక్కనున్నా నా పేపర్ని చెప్పకుండా కుదరదు కదా." గొంతులో ఎగతాళి లేదు. సంతోషం ఉంది. "నీకు రుణపడి ఉన్నాను."

"ఆ ప్రశ్నలు తీసేశారా?"

"కొత్త ఎడిషన్‌లో తీసేస్తాం."

"మరి ఆ పిల్లలు?"

"ఏ పిల్లలు?" అన్నాడు.

నటించడంలేదు. నిజంగానే ఎవరి గురించి అడుగుతున్నానో ఆయనకి తట్టలేదు. నేను చెప్పాను, ఇంతకుముందు మీతో చెప్పిన పిల్ల, ఆ గదిలో కూర్చోబెట్టిన పిల్లలు అని. "ఆ, అవును, అవును," అన్నాడు, గుర్తొచ్చినట్టు తలాడిస్తూ. తర్వాత, కొత్తగా చేరిన అసిస్టెంటుకి ఇండెక్సు చూడ్డం చేతకావడంలేదనీ, వీలుంటే రెండు మధ్యాహ్నాలు వచ్చి చూపిస్తావా అనీ అడిగాడు. కుదరదన్నాను. ఆయన తట్టిన భుజం ఇంటికొచ్చేదాకా నాది కానట్టే ఉంది. రాగానే ఆ జాకెట్టు విప్పి ఉతకడానికి పడేశాను.

నా నోట్ నకలు తీసి అక్కకి ఇచ్చాను. ఆవిడ దాన్ని బడికి పట్టుకెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ మర్యాదగా తీసుకుని, చదువుతానని సొరుగులో పెట్టిందట. ఇంకేమీ జరగలేదు. ఆ ఏడాది మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేయడంతో ఆ వేరే గదిని మూసేశారు. పిల్లలందర్నీ ఎవరి తరగతిలోకి వాళ్లని పంపేశారు. అంతే. నా ఒకటిన్నర పేజీ వల్ల కాదు, ఎవరికీ బుద్ధి రావడం వల్లా కాదు. అక్క ఈ కబురు కంచె మీదనుంచి చెప్పి, "మంచిగయింది," అంది. నేనూ మంచిదే అన్నాను.

ఆ తర్వాతి దరఖాస్తుకి బాస్‌కి ప్రొఫెసర్ పదవి వచ్చింది. వాళ్లింటి పెరట్లో బార్బీకి, అంటే ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందుకి, మమ్మల్నీ పిలిచాడు. నేను రానన్నాను. మా ఆయన, "పిలిచాక వెళ్లకపోతే బాగోదు, రేపు ఎవరికైనా నీ గురించి చెప్పాల్సొస్తే ఆయనే కదా చెప్పాలి," అన్నాడు. వెళ్లాం. ఆదివారం మధ్యాహ్నం, ఎండ బాగా ఉంది. నిమ్మచెట్టు కింద బల్ల మీద బీట్‌రూట్ ముక్కలు, టమాటా సాసు, రొట్టె. ఈగలు. టీ గది మొహాలన్నీ అక్కడే ఉన్నాయి. నాకు ఎవరో రొట్టెలో సాసేజ్ పెట్టి ఇచ్చారు.

బాస్ కాసేపటికి గ్లాసు మీద చెంచాతో తట్టి మాట్లాడాడు. భార్యకి కృతజ్ఞతలు, సహచరులకి కృతజ్ఞతలు. "నా విమర్శకులకి కూడా," అని ఆగి, నా వైపు గ్లాసెత్తాడు. "వాళ్లు లేకపోతే నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు. అక్షరాలా." అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఒకాయన నాతో "గుడ్ ఆన్ యు" అన్నాడు, ఏదో బహుమతి గెలిచినట్టు.

ఆ నవ్వులో ఒక్కరైనా సిగ్గుపడతారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ పడలేదు. పరీక్ష తప్పని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అది తప్పవడమే ఆయనకి కలిసొచ్చిందనీ తెలుసు. వాళ్లకది ముచ్చటగా ఉంది. నా చేతిలో సాసేజ్ కొవ్వు చల్లబడి తెల్లగా పేరుకుంటోంది. దాన్ని బల్ల మీద పెట్టి, గోడ పక్కన పంపు దగ్గరికెళ్లి చేతులు కడుక్కున్నాను. జిడ్డు వదల్లేదు. మళ్లీ కడుక్కున్నాను. మా ఆయన వచ్చి కారు తాళాలు తీశాడు.

పరమట్టా దాటాక ఆయనే అన్నాడు. "నిన్ను అందరి ముందూ తిడతాడేమోనని భయపడ్డాను."

"ఊఁ."

"తిట్టినా బాగుండేది," అన్నాడు. మనకెందుకు అన్న మాట ఆయన నోట మళ్లీ నేను వినలేదు.

నాకు తర్వాత ఆస్పత్రిలోనే పని దొరికింది, రోగుల లెక్కలు చూసే విభాగంలో. ఏ వార్డులో జ్వరాలు ఎక్కువవుతున్నాయో చూసి చెప్పడం. చెబితే ఆ వార్డు కడిగేవాళ్లు. అక్కడి డాక్టర్లు కొందరు తమ పేపర్లలో నా పేరు వేస్తామన్నారు. వద్దన్నాను. గర్వమనుకున్నారు. నాకు నా పేరు ఆ చీమల బారులో కనబడితే ఒళ్లు జలదరిస్తుందని వాళ్లకేం చెప్పను?

పరీక్ష కొత్త ఎడిషన్ వచ్చిందనీ, ఆ ప్రశ్నలు తీసేశారనీ ఎవరో చెప్పారు. నేను కొనలేదు, చూడలేదు. అక్క, నేను మాట్లాడుకుంటూనే ఉన్నాం, బారాలు, అంటే మన పప్పు గారెల్లాంటివి, చేసినప్పుడు కంచె మీదనుంచి ఇచ్చేది. కానీ పిల్ల చదువు సంగతి నన్నెప్పుడూ అడగలేదు, బడి నుంచి ఏ కాగితం వచ్చినా నాకు చూపించలేదు. ఆ పిల్ల హైస్కూల్లో చేరింది. లెక్కల్లో ఎలా చేస్తోందని ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను.

"మామూలుగా చేస్తది," అంది అక్క. "అందరి పిల్లల లెక్కనే."